దీపం తగ్గించే విద్య: ఉప్పునీళ్ళ జాడీ నుండి పది వోల్టుల తీగ వరకు

ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. లైన్ల మీద తిరిగిన కథలు, తుఫాను రాత్రుల కథలు ఇదివరకటి సంచికల్లో చాలామంది మిత్రులు రాశారు. అందుకని నేను మరొక విషయం ఎంచుకున్నాను. కరెంటు దీపాన్ని వెలిగించడం, ఆర్పడం మనందరికీ తెలిసిందే. దాన్ని కొద్దికొద్దిగా తగ్గించడం మనిషి ఎలా నేర్చుకున్నాడు, ఎల్.ఇ.డి. దీపం వచ్చాక ఆ విద్యను మళ్ళీ ఎందుకు మొదటినుండి నేర్చుకోవలసి వచ్చింది అన్నది ఇక్కడ చెప్పదలచాను. నేను ఈ చరిత్ర జోలికి పోవడానికి మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంఘటన కారణం.

రెండేళ్ళ క్రిందట మా ఆవిడకు కుడికంటి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ తరువాత రాత్రిపూట మెలకువ వచ్చి లైటు వేస్తే, ఆ తెల్లటి వెలుగు కంట్లో సూదులు గుచ్చినట్లుందని చెప్పి చీకట్లోనే తడుముకుంటూ నడవడం మొదలుపెట్టింది. ఒకరాత్రి మంచంకోడు కాలికి తగిలి పడింది. ఎముక విరగలేదు గాని మణికట్టు వాచి మూడు వారాలు కట్టుతో ఉంది. జీరో బల్బు పెడదామంటే, దాని వెలుతురులో మాత్రల పేర్లు కూడా కనిపించవు అన్నది. (ఆ పాతరకం జీరో బల్బు పేరుకే జీరో, తినేది 12 నుండి 15 వాట్లు అని మన శాఖవారికి నేను చెప్పనక్కరలేదు.)

సరే, డిమ్మరు పెట్టిస్తే పోతుంది కదా అనుకున్నాను. బజారులో ఒకటి కొని, తెలిసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడి చేత స్విచ్ బోర్డులో పెట్టించాను. నాబు తిప్పితే మా 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు కొంతవరకు తగ్గింది. మరికాస్త తిప్పితే టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకొంచెం తిప్పేసరికి ఒక్కసారిగా ఆరిపోయింది. నాలుగో రోజున బల్బు పూర్తిగా పోయింది.

"ముప్పై ఏడేళ్ళు కరెంటు ఆఫీసులో చేశారు, ఊళ్ళకి ఊళ్ళకి దీపాలిచ్చామంటారు. ఇంట్లో ఒక్క దీపం తగ్గించలేరా అండీ?" అన్నది మా ఆవిడ.

జవాబు చెప్పలేకపోయాను. సబ్‌స్టేషన్‌లో 33 కె.వి. బ్రేకరు గురించి అడిగితే నిద్రలో చెబుతాను. ఈ బల్బు లోపల ఏముందో నాకు తెలియదు. అప్పటినుండి పుస్తకాలు తిరగేశాను, చెడిపోయిన బల్బులు నాలుగు విప్పి చూశాను. తెలుసుకున్నది మిత్రులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

నిజానికి కరెంటు రాకముందు దీపం తగ్గించడం ఏమంత కష్టమైన పని కాదు. లాంతరు పక్కనుండే చిన్న చక్రం తిప్పితే వత్తి లోపలికి పోయేది. "దీపం సన్నం చెయ్యి" అని పెద్దవాళ్ళు అనగానే మనమే ఎన్నిసార్లు ఆ పని చేశామో. మరీ తిప్పితే దీపం కొండెక్కేది, అప్పుడు తిట్లు తినేవాళ్ళం. పశ్చిమ దేశాల నాటకశాలల్లో 1810ల చివరినుండి గ్యాసు దీపాలు వచ్చాయి. వేదిక పక్కన గొట్టాలు, వాటికి కవాటాలు అన్నీ ఒకేచోట అమర్చుకొని, ఒక మనిషి కూర్చుని అక్కడినుండే ఏ వరుస దీపాలు కావాలంటే ఆ వరుస తగ్గించేవాడు. వత్తి అయినా గ్యాసు అయినా సూత్రం ఒకటే. దీపానికి అందే ఇంధనాన్ని తగ్గించడం. మిగిలింది ట్యాంకులోనే ఉంటుంది, వృథా అయ్యేది లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

లండన్‌లో సవాయ్ థియేటరు 1881లో ప్రారంభమైంది. మొత్తం భవనానికి విద్యుద్దీపాలు పెట్టిన మొదటి ప్రజా భవనంగా దాన్ని చెబుతారు. జోసెఫ్ స్వాన్ తయారుచేసిన బల్బులు సుమారు 1,200 వాడారు. వేదిక మీద దీపాలు ఆ ఏడాది డిసెంబరు 28న మొదటిసారి వెలిగాయి. ఆ రోజున థియేటరు యజమాని రిచర్డ్ డి'ఓయ్‌లీ కార్ట్ స్వయంగా వేదిక మీదకు వచ్చి, వెలుగుతున్న ఒక బల్బును పలచటి గుడ్డలో చుట్టి పగలగొట్టి, గుడ్డ అంటుకోలేదని జనానికి చూపించాడు. గ్యాసు దీపాలతో నాటకశాలలు తగలబడిపోతున్న కాలమది, జనానికి ఆ ధైర్యం చెప్పవలసివచ్చింది. ఆ దీపాలను తగ్గించే ఏర్పాటు కూడా అక్కడ ఉన్నది. దీపానికి వరుసలో నిరోధాన్ని మెట్లు మెట్లుగా చేర్చేవారు.

ఆ పద్ధతి మనకు బాగా తెలిసినదే. మన ఇళ్ళలో పాత సీలింగు ఫాను రెగ్యులేటరు, ఆ నల్లటి బేకలైటు పెట్టె, సరిగ్గా అదే. లోపల తీగచుట్ట, దానికి అయిదు మెట్లు. ఒకటో నంబరులో పెట్టినప్పుడు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలేది కదా, ఆ వేడి అంతా ఫాను వాడుకోని కరెంటే. దీపం విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1,000 వాట్ల దీపానికి, దానితో సమానమైన నిరోధాన్ని వరుసలో కలిపామనుకోండి. బల్బు నిరోధం మారదని లెక్క సులువుకోసం అనుకుంటే, ప్రవాహం సగమవుతుంది. దీపానికి 250 వాట్లు, నిరోధంలో మరో 250 వాట్లు. అంటే దీపానికి ఎంత ఇస్తున్నామో అంతా గాలికి పోతున్నది. పెద్ద నాటకశాలల్లో డిమ్మర్ల గది కొలిమిలా ఉండేదంటే ఆశ్చర్యం లేదు.

తీగచుట్టకు డబ్బులేనివాళ్ళకు ఉప్పునీళ్ళు ఉండేవి. మన సభ్యుల్లో రిక్రియేషన్ క్లబ్బు నాటకాలు వేసినవారికి ఇది బాగా గుర్తుంటుంది. పింగాణీ ఊరగాయ జాడీలో నీళ్ళు పోసి ఉప్పు కలిపేవాళ్ళం. అడుగున ఒక లోహపు రేకు, పైనుండి తాడుతో వేలాడే రేకు మరొకటి. ఫేజు తీగను తెంచి ఈ రెండు రేకులకూ కలిపేవాళ్ళం. పైరేకు నీళ్ళలోకి దిగేకొద్దీ నిరోధం తగ్గి దీపం పెరుగుతుంది, పైకి లాగితే దీపం తగ్గుతుంది. సూర్యోదయం కావాలంటే తాడు మెల్లగా వదలాలి. ఆ చేతివాటం కొందరికే ఉండేది. కలకత్తా రంగస్థలం మీద తాపస్ సేన్ గారు 1959లో 'అంగార్' నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్ళు ముంచెత్తి వస్తున్నట్లు కేవలం దీపాలతో చూపించారని చదివి, మా క్లబ్బులో మేమూ అంతవాళ్ళం అవుదామనుకున్నాము.

1976లో మా డివిజన్ వార్షికోత్సవంలో ఒక సాంఘిక నాటకం వేశాము. నేను అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. దీపాల పని నాది. 500 వాట్ల బల్బులు రెండేసి చొప్పున మూడు వరుసలు, మూడు జాడీలు. రెండో అంకంలో ఒక వరుసలో ఒక బల్బు పోయింది. రెండో బల్బు ఎంత తాడు లాగినా తగ్గడంలేదు. ఎందుకంటే ఆ ఉప్పు మోతాదు 1,000 వాట్లకు సరిపెట్టినది. సగం లోడుకు ఆ నిరోధం చాలదు. హీరోయిన్ తల్లి చనిపోయే దృశ్యం పట్టపగల్లాంటి వెలుతురులో నడిచింది. ముందు వరుసలో ఉన్న పెద్ద ఆఫీసరు గారు నవ్వారు.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. జాడీలో నీళ్ళు మరిగి ఆవిరి వస్తుంటే, చన్నీళ్ళు పోద్దామని మా హెల్పరు కుర్రాడు చెంబుతో వెళ్ళి, ఎంత వేడిగా ఉన్నాయోనని వేలు ముంచాడు. ఆ నీళ్ళంటే 230 వోల్టులే కదా. కుర్రాడు అంతదూరాన పడ్డాడు. అదృష్టవశాత్తు చెక్క స్టేజి మీద నిలబడి ఉన్నాడు కనుక బతికాడు. తేరుకుని, పావుగంటలో టీ తాగి కూర్చున్నాడు. జాడీల చుట్టూ తాడు కట్టించవలసినవాణ్ణి నేను, కట్టించలేదు. అతనికి ఆ విషయంలో క్షమాపణ చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. అతను రిటైరై, నాలుగేళ్ళ క్రిందట కాలం చేశాడు. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.

ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది, డిమ్మరు ఎంత లోడుకు చేసిందో అంత లోడుకే సరిగ్గా పనిచేస్తుంది. రెండోది, దీపానికి వెళ్ళే మొత్తం కరెంటు, తగ్గించే మనిషి చేతి దగ్గరకు వస్తున్నది. అరవై డెబ్బై ఏళ్ళు ఇంజనీర్లు కుస్తీ పట్టింది ఈ రెండింటితోనే.

1930లలో ఆటోట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి. మన లేబొరేటరీల్లో వేరియాక్ అనే పేరుతో చూసినవే. వాటిలో వేడిగా పోయేది చాలా తక్కువ, లోడు ఎంతైనా ఒకేలా తగ్గిస్తాయి. కాని బరువు ఎక్కువ, ఖరీదు ఎక్కువ. అసలు మలుపు 1940ల చివర్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వచ్చిందని నా అభిప్రాయం. అక్కడ జార్జి ఐజెనవర్ అనే ఆయన థైరట్రాన్ గొట్టాలతో డిమ్మర్లు తయారుచేశాడు. గ్యాసు నింపిన గాజుగొట్టం అది. దాని గ్రిడ్డుకు ఇచ్చే చిన్న వోల్టేజీని బట్టి పెద్ద కరెంటు ఎప్పుడు పారాలో నిర్ణయమవుతుంది. దీనితో భారీ కరెంటు మోసే సామాను ఎక్కడో ఒక గదిలో ఉండిపోయింది. దీపాలవాడు నాటకం కనిపించేచోట బల్ల ముందు కూర్చుని చిన్న మీటలు జరిపితే చాలు. మీటనుండి వెళ్ళేది కరెంటు కాదు, ఒక కబురు. "ఇంత వెలుతురు చాలు" అన్న కబురు. మా హెల్పరు కుర్రాడి వంటివాళ్ళ ప్రాణాలకు ఎంత తేడానో చూడండి.

1957లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు థైరిస్టరు తయారుచేశారు. ఆ గాజుగొట్టం చేసే పనిని గోళీకాయంత సిలికాన్ ముక్క చేసేసింది. ఇళ్ళ గోడల్లో స్విచ్చు స్థలంలో ఇమిడే డిమ్మరును 1959 ప్రాంతంలో న్యూయార్కులో జోయెల్ స్పైరా రూపొందించి, భార్య రూత్‌తో కలిసి 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టాడు. 1960లలోనే ట్రయాక్ కూడా వచ్చింది. నేను మొన్న బజారులో కొన్న డిమ్మరులో ఉన్నది, ఈనాటి చాలా ఎలక్ట్రానిక్ ఫాను రెగ్యులేటర్లలో ఉన్నది ఈ ట్రయాకే.

ట్రయాక్ కరెంటును వేడిచేసి పోగొట్టదు, అలలో కొంత ముక్కను కోసేస్తుంది. మన సరఫరా సెకనుకు 50 ఆవృత్తులు, అంటే 100 అర్ధ అలలు. ప్రతి అర్ధ అల మొదలవగానే ట్రయాక్ మూసుకుని ఉంటుంది. నాబు ఎంత తిప్పామో అంత ఆలస్యంగా తెరుచుకుంటుంది. అల సున్నాకు వచ్చేసరికి మళ్ళీ మూసుకుంటుంది. పాత పీచుతీగ బల్బుకు ఇది బ్రహ్మాండంగా సరిపోయింది. ఎర్రగా కాగిన తీగ సెకనులో నూరోవంతులో చల్లారదు కదా. సరఫరా ముక్కలుగా వచ్చినా వెలుతురు నిలకడగానే ఉండేది, పైగా తగ్గేకొద్దీ లాంతరులా ఎర్రబడి కంటికి హాయిగా ఉండేది.

ట్యూబులైటు వచ్చి ఈ ఆటను చెడగొట్టింది. చోకు, స్టార్టరు ఉన్న ట్యూబుకు ట్రయాక్ పనికిరాదు. తగ్గించబోతే ఆరిపోతుంది. ఎలక్ట్రానిక్ చోకులు వచ్చాక ఇంజనీర్లు నాటకశాల పద్ధతినే ఇళ్ళకు, ఆఫీసులకు తెచ్చారు. 230 వోల్టుల సరఫరా కదలకుండా నేరుగా చోకుకు వెళుతుంది. పక్కన మరో రెండు సన్నటి తీగలు. వాటిమీద వోల్టేజీ 10 ఉంటే పూర్తి వెలుగు, 5 ఉంటే సుమారు సగం, 1 ఉంటే కనిష్ఠం. ఇదే 1-10 వోల్టుల పద్ధతి. అనలాగ్ డిమ్మింగు అని పుస్తకాల్లో ఉండేది ముఖ్యంగా దీన్నే. అంకెల్లో చెప్పే సంకేతం కాదు, గడియారం ముల్లులా ఎక్కడైనా నిలబడగల వోల్టేజీ.

ఇందులో ఒక తమాషా ఉంది, దానిలో చాలామంది ఎలక్ట్రీషియన్లు పొరపడతారు. నాటకశాలల 0-10 పద్ధతిలో బల్ల దగ్గరి మీటే వోల్టేజీని తయారుచేసి పంపుతుంది. తీగ తెగితే సున్నా వోల్టులు, దీపం ఆరిపోతుంది. ఇళ్ళ 1-10 పద్ధతిలో వ్యవహారం తిరగబడి ఉంటుంది. దీపం వైపునుండే ఆ తీగలమీద పది వోల్టులు, చాలా స్వల్పమైన కరెంటు వస్తూ ఉంటాయి. దీపం ఆ తీగను పది మెట్ల ఎత్తున పట్టుకుని ఉన్నదనుకోండి. గోడమీది నాబు దాన్ని క్రిందికి లాగుతుంది, అంతే. నాబుకు వేరే సరఫరా అక్కరలేదు. తీగ తెగితే లాగేవాడు ఉండడు కనుక దీపం పూర్తి వెలుగుకు పోతుంది. తీగలు రెండూ ఒకదానికొకటి తగిలితే కనిష్ఠానికి పడిపోతుంది. ఒక వోల్టు క్రింద దీపం ఆరదు, ఆర్పడానికి మామూలు స్విచ్చు ఉండవలసిందే. రెండూ చూడటానికి ఒకేలా రెండు తీగలు. ఒకదాని నాబు రెండోదానికి పెడితే పనిచేయదు. అమెరికాలో ఈ తీగలకు ఊదా, బూడిద రంగులు వాడేవారు. అక్కడ బూడిద రంగు న్యూట్రల్‌కు కూడా ఉండటంతో గందరగోళం వచ్చి, 2022 నుండి బూడిదకు బదులు గులాబీ రంగు తెచ్చారు.

నాటకశాలల్లో ఒక్కో డిమ్మరుకు ఒక్కో తీగ లాగలేక 1986లో డి.ఎం.ఎక్స్. 512 అనే అంకెల పద్ధతికి మారారు. ఒకే కేబులు మీద 512 దారులు. పెద్ద భవనాలకు తరువాత డాలి అనే పద్ధతి వచ్చింది. మన ఇళ్ళకు వాటితో పనిలేదు కనుక వదిలేస్తున్నాను.

ఇక ఎల్.ఇ.డి. సంగతి. కంటికి కనిపించే ఎర్రటి ఎల్.ఇ.డి.ని 1962లో జనరల్ ఎలక్ట్రిక్‌లో నిక్ హోలోన్యాక్ చేశాడు. రేడియోలమీద, మీటర్లమీద ఆ ఎర్రచుక్కలు మనం చూస్తూనే వచ్చాము. తెల్లటి వెలుతురుకు నీలం కావాలి. ప్రకాశవంతమైన నీలం ఎల్.ఇ.డి.ని 1993లో జపాన్‌లో షూజి నకమురా సాధించాడు. అంతకుముందు ఆ దారి వేసిన అకసాకి, అమానో గార్లతో కలిపి ఆయనకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నీలం ఎల్.ఇ.డి. మీద పసుపు పూత వేస్తే తెల్లగా కనిపిస్తుంది. మన దేశంలో 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంతో ఈ బల్బులు ఇంటింటికీ చేరాయి. 2014లో ప్రభుత్వం 310 రూపాయలకు కొన్న బల్బు రెండు మూడేళ్ళలో 38 రూపాయలకు దిగింది. మా ఇంట్లోవి అలా వచ్చినవే. వెలుతురుకు ఏ లోటూ లేదు. కాని అవి తగ్గించడానికి చేసిన బల్బులు కావు.

ఎల్.ఇ.డి. స్వభావం పీచుతీగకు పూర్తిగా వ్యతిరేకం. ఒక తెల్లటి ఎల్.ఇ.డి. సుమారు మూడు వోల్టుల దగ్గర వెలుగుతుంది. ఆ మూడు దాటి కాస్త పెంచితే కరెంటు ఎన్నో రెట్లు పెరిగి కాలిపోతుంది. కాస్త తగ్గిస్తే ఆరిపోతుంది. అందుకని దీనికి వోల్టేజీ నిలబెట్టడం కాదు, కరెంటు నిలబెట్టడం ముఖ్యం. ఆ పని చేసే చిన్న సర్క్యూటునే డ్రైవరు అంటారు. అది చేసేది మన పాత ఆఫీసులో క్యాషియరు చేసే పనే: ఎంత పోతున్నదో ప్రతిక్షణం లెక్కచూసి, రాసిపెట్టిన అంకెతో పోల్చడం. ఎల్.ఇ.డి.ల కరెంటు పోయే దారిలో ఒక చిన్న నిరోధం ఉంటుంది. అది ఒక ఓము అనుకుందాం. 350 మిల్లీఆంపియర్లు పోతుంటే దానిమీద 0.35 వోల్టు కనిపిస్తుంది. డ్రైవరు దగ్గర కొలబద్దగా కూడా 0.35 వోల్టు ఉంటుంది. రెండూ సమానంగా ఉన్నంతసేపు సరే. కరెంటు పెరగబోతే తగ్గిస్తుంది, తగ్గబోతే పెంచుతుంది.

ఇప్పుడు ఆ కొలబద్దనే మార్చేశామనుకోండి. గోడమీది నాబు పది వోల్టులను అయిదుకు లాగితే, డ్రైవరు లోపలి కొలబద్ద 0.175కు దిగుతుంది. డ్రైవరు తన లెక్క ప్రకారం కరెంటును 175 మిల్లీఆంపియర్లకు తగ్గిస్తుంది. వెలుతురు సుమారు సగమవుతుంది. కరెంటు నిలకడగా, సన్నగా పారుతూనే ఉంటుంది. ముక్కలు చేయడం లేదు, వేడిగా పోగొట్టడం లేదు. లాంతరు వత్తిని సన్నం చేసినట్లే, దీపం తనకు కావలసినంతే తీసుకుంటున్నది. నిజానికి తక్కువ కరెంటులో ఎల్.ఇ.డి. చల్లగా ఉండి, వాటుకు ఇచ్చే వెలుతురు కాస్త పెరుగుతుంది కూడా.

మరి నా బల్బు ఎందుకు కొట్టుకుంది? ట్రయాక్ అలను కోస్తుంటే, బల్బులోని డ్రైవరు మాత్రం తన కరెంటు నిలబెట్టాలని పెనుగులాడింది. పైగా ట్రయాక్ తెరుచుకుని నిలబడాలంటే దానిగుండా కొంత కనీస కరెంటు పారుతూ ఉండాలి. వందల వాట్ల లోడుకోసం చేసిన డిమ్మరుకు 9 వాట్లు ఏ మూలకు? తెరుచుకోవడం, పడిపోవడం, మళ్ళీ తెరుచుకోవడం. 1976లో మా జాడీకి ఒక బల్బు తక్కువైనప్పుడు జరిగింది కూడా లోడు చాలకపోవడమే. యాభై ఏళ్ళ తరువాత అదే తప్పు మళ్ళీ చేసినందుకు నాకు కాస్త సిగ్గువేసింది. ట్రయాక్‌తో కూడా తగ్గేలా చేసిన ఎల్.ఇ.డి. బల్బులు ఉన్నాయి. వాటి అట్టపెట్టె మీద 'డిమ్మబుల్' అని ఉంటుంది. ఆ మాట లేని బల్బును డిమ్మరుకు గాని, ఫాను రెగ్యులేటరుకు గాని కలపవద్దు.

ఎల్.ఇ.డి.ని తగ్గించడానికి మరో పద్ధతి కూడా ఉంది. కరెంటును పూర్తిగా ఇస్తూనే సెకనుకు వందల, వేలసార్లు ఆర్పి వెలిగించడం. సగం సేపు వెలిగి సగం సేపు ఆరితే కంటికి సగం వెలుతురుగా కనిపిస్తుంది. దీనిలో రంగు ఏమాత్రం మారదు. అనలాగ్ పద్ధతిలో బాగా తగ్గించినప్పుడు రంగు కొద్దిగా జరుగుతుంది, చివరి కొద్ది శాతంలో నిలకడ కూడా కష్టం. అందుకని కొన్ని డ్రైవర్లు పైన ఒక పద్ధతి, అడుగున మరొకటి వాడతాయి. ఆర్పి వెలిగించడం నిదానంగా జరిగితే కొందరికి తలనొప్పి, కళ్ళు లాగడం వస్తాయి. తిరిగే ఫాను రెక్కలు ఆగినట్లు, వెనక్కు తిరిగినట్లు కనిపిస్తాయి. ఐ.ఇ.ఇ.ఇ. అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 2015లో ఈ మినుకుమీద 1789 నంబరుతో ప్రత్యేకంగా సిఫార్సులు వెలువరించింది. గోడమీద 1-10 వోల్టుల నాబు ఉన్నంతమాత్రాన దీపం లోపల అనలాగే జరుగుతున్నదని నమ్మకం లేదు. కబురు ఒక రకం, దాన్ని అమలు చేయడం మరో రకం కావచ్చు. సెల్‌ఫోను కెమెరాను దీపం వైపు పెట్టి చూడండి. తెరమీద నల్లటి చారలు పాకుతుంటే ఆ దీపం మినుకుతున్నదన్నమాట.

కంటి లెక్క కూడా వేరు. మీటరుతో కొలిస్తే వెలుతురు నాలుగోవంతుకు పడినా, కంటికి సగం ఉన్నట్లు కనిపిస్తుంది. పదోవంతుకు పడితే సుమారు మూడోవంతులా తోస్తుంది. అందుకే నాబు సగం తిప్పినా పెద్దగా తగ్గినట్లుండదు, చివర్లో మాత్రం గబగబా పడిపోతుంది. అది నాబు లోపం కాదు.

చివరికి మూడు దుకాణాలు తిరిగి, డ్రైవరు విడిగా ఉండి దానిమీద 1-10 వోల్టులని అచ్చువేసి ఉన్న ఒక గుండ్రటి ప్యానెల్ దీపం సంపాదించాను. పసుపు ఛాయ వెలుతురుది. కుర్రాడికి పక్కన నిలబడి చెప్పి, 230 వోల్టుల తీగలు ఒక దారిన, సన్నతీగలు మరో దారిన, ఒకదానికొకటి ఆనకుండా వేయించాను. నాబు మంచం పక్కన, పడుకునే చేయి అందేంత ఎత్తులో. పడుకునేముందు మా ఆవిడే దాన్ని అడుక్కంటా తిప్పుతుంది. రాత్రి లేస్తే కాస్త పెంచుకుని, మాత్ర వేసుకుని, మళ్ళీ తగ్గిస్తుంది. మణికట్టు ఇప్పుడు బాగానే ఉంది.

మొన్న కార్తీకమాసంలో ఒకరాత్రి రెండు గంటలకు గది ఒక్కసారిగా పట్టపగలైపోయింది. ఇద్దరం ఉలిక్కిపడి లేచాము. "మళ్ళీ ఏం చేశారండీ?" అన్నది కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని. నేను కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, "సన్నతీగ తెగింది" అన్నాను. స్విచ్చు కట్టేసి, టార్చి వేసి బీరువా వెనక చూస్తే ఎలుక కొరికిన తీగముక్క అక్కడే ఉంది. తెల్లవారాక అతుకు వేసి, తీగలను పి.వి.సి. గొట్టంలో పెట్టాను.